తక్కువ ఖర్చుతో నేరకథా చిత్రం – నాలుగో పాఠం: పాలెగాడు ఎవరికి తలుపు తీశాడు?

మీ ఊరి జాతర కథను ఇంట్లో పెద్దవాళ్ల చేత చెప్పించుకుని, వాళ్ల మాటల్లోనే రాసుకోమని మూడో పాఠంలో చెప్పాను. ఆ కాగితాలు ఇప్పుడు ముందు పెట్టుకోండి. ఈసారి దాన్ని నేరకథగా చదవడం నేర్చుకుందాం. ఉదాహరణకు తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథ తీసుకుంటున్నాను. చిత్తూరు వైపు వాళ్లు తమ ఊరి భారత ఉత్సవాల్లో జరిగే దుర్యోధన వధను తీసుకోవచ్చు.

గంగమ్మ కథ మీకు తెలిసినదే. తిరుపతి ప్రాంతాన్ని ఏలిన పాలెగాడు కంటపడిన ఆడపిల్లలను చెరిచేవాడు. అవిలాలలో పుట్టి, కైకాల వారి ఇంట పెరిగిన గంగమ్మ మీద కూడా చేయి వేయబోయాడు. ఆమె తన అసలు రూపం చూపేసరికి పారిపోయి దాక్కున్నాడు. అతన్ని వెతుకుతూ ఆమె రోజుకో వేషం వేసింది: బైరాగి, బండ, తోటి (ఊరి చాకిరీ చేసే మనిషి). దేనికీ అతను బయటికి రాలేదు. చివరికి దొర వేషంలో వచ్చింది. తన పైవాడు పిలుస్తున్నాడనుకుని పాలెగాడు గడప దాటాడు. అక్కడే అతని తల తెగింది. ఏటా మే నెలలో జాతర జరిగే వారం పాటు తిరుపతి వీధుల్లో కనిపించే వేషాలన్నీ ఆ వెతుకులాటను మళ్లీ నడిపించేవే.

ఈ కథ చేతికి రాగానే కొత్తగా సినిమా తీసేవారి మనసు ముందు ఉగ్రరూపం మీదికి పోతుంది. త్రిశూలం, మంటలు, గ్రాఫిక్స్. ఉన్న డబ్బంతా అక్కడే కరిగిపోతుంది, అయినా తెర మీద ఆ రూపం నాసిరకంగానే వస్తుంది. దాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. కథ ఎలా నడుస్తుందో చూడండి. నేరం చేసింది ఎవరో మొదటి నుంచి అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే: అతన్ని బయటికి రప్పించేది ఏమిటి? వేషాలు వేసినవారు బూతులు తిట్టే ఆచారం కూడా అతన్ని రెచ్చగొట్టి బయటికి లాగడానికే వచ్చిందని చెబుతారు. ఆ తిట్లకు రానివాడు దొర పిలుపుకు వచ్చాడు. ఊరినంతా వణికించినవాడికి కూడా తాను చేతులు కట్టుకుని నిలబడవలసిన మనిషి ఒకడున్నాడు. కథంతా ఈ ఇరుసు మీదే తిరుగుతుంది. మీరు తీసుకోవలసింది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు.

వేషాలను మరొకసారి చూడండి. ఒక్కో వేషానికి ఒక్కో గడప వరకే అనుమతి. బైరాగి వాకిట్లో నిలబడి భిక్ష అడగగలడు. తోటి వీధిలోనే ఆగిపోవాలి. దొర నేరుగా నట్టింట్లోకి వస్తాడు. ఈ లెక్కను ఇప్పటి తిరుపతిలోకి తెద్దాం. చీటీలు నడిపి జనం డబ్బుతో మాయమైన మనిషి ఒకడున్నాడనుకోండి. కూతురి పెళ్లికి దాచిన డబ్బు పోగొట్టుకున్న కొర్లగుంట ఆవిడ ఒకరు అతన్ని వెతుకుతున్నారు. ఆవిడకు ఆయుధం లేదు, పోలీసుల్లో తెలిసినవాళ్లు లేరు. పాలు వేసే మనిషిగా వెళితే గేటు దాకా పోగలదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చానంటే వరండా దాకా. ఆశా కార్యకర్తలా వెళితే మంచం దాకా.

మరి అతను ఎక్కడ దాక్కుంటాడు? అడవి, పాడుబడిన గిడ్డంగి లాంటివి వద్దు. పుత్తూరు కట్టు మన ప్రాంతంలో అందరికీ తెలుసు. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అలాంటి చోట కాలికి కట్టుతో మంచం మీద పడుకున్న పరాయి ఊరి మనిషిని ఎవరూ గుచ్చిగుచ్చి అడగరు. గడ్డం పెంచి, దుప్పటి కప్పుకుని పడుకున్న అతన్ని ఆవిడ గుమ్మంలోంచి చూస్తుంది. అనుమానం ఉంది, నిర్ధారణ లేదు. ఒక సాయంత్రం అతనికి ఫోను వస్తుంది. అతను ఇన్నాళ్లూ ఎవరి అండతో చీటీలు నడిపాడో ఆ నాయకుడి కారు కింద ఆగి ఉందని చెబుతారు. ఇప్పుడు కెమెరాను మెట్ల దగ్గర, నేలకు జానెడు ఎత్తులో పెట్టండి. ముఖం చూపించవద్దు. కట్టు కట్టిన కాలు పైమెట్టు మీద కనబడుతుంది. మడమ పూర్తిగా ఆనుతుంది. కుంటడం లేదు. ఆ కాలు గబగబా మెట్లు దిగుతుంది, కట్టు కొస ఊడి వెనకాలే మెట్ల మీద జారుతూ వస్తుంది. ఒక్క కాలు, పాత మెట్లు, మూరెడు గుడ్డ. నా దృష్టిలో ఉగ్రరూపం చేయవలసిన పని అంతా ఈ షాటు చేస్తుంది.

రంగులను కూడా జాతర నుంచే తెచ్చుకోవచ్చు. బైరాగికి నామాలు దిద్దే తెల్లని సుద్ద, అంటే నామకొమ్ము, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం. ఎండకు ఒంటి మీది నామకొమ్ము ఎండి పగుళ్లు తీస్తుంది, ఆ పగుళ్లలోంచి చెమట గీతలు దిగుతాయి. దాన్ని దగ్గరగా గమనించి గుర్తుపెట్టుకోండి. మీ సినిమాలో ఎవరికీ రంగు పూయనక్కరలేదు. వెతుకులాట ఒక్కో మెట్టు ఎక్కే కొద్దీ గోడలు, చీరలు, వెలుతురు తెలుపు నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి నలుపుకు మారాలి. దొర వచ్చే వేళకు గంధపు రంగు సాయంకాలపు ఎండ దొరికితే చాలు.

జాతరలో వేషం కట్టేవారు మొక్కు తీర్చుకుంటున్నారు. గంగమ్మ శ్రీవారికి చెల్లెలని నమ్మి, తిరుమల నుంచి సారె పంపే ఊరు ఇది. ఆ భక్తుల ముఖాలను తీసుకెళ్లి హత్య సన్నివేశం పక్కన అతికించే హక్కు మనకు లేదు. డప్పుల మోతను, జనం హోరును మాత్రం ఫోనులో రికార్డు చేసుకోండి. తర్వాత నలుగురైదుగురు స్నేహితుల భుజాలు, వీపులు ఫ్రేము నిండా పట్టి ఆ శబ్దం కలిపితే జాతర వీధి వచ్చేస్తుంది. మరో చిన్న సంగతి: తిరుపతి 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది. అంతకుముందు జరిగే కథ అయితే బోర్డుల మీద చిత్తూరు జిల్లా అనే ఉండాలి. 2019కి ముందు కథకు బండ్ల నంబర్లు ఏపీ 03తో మొదలవ్వాలి.

దొర వేషంతో కథ ముగిసిందనుకుంటే ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించే భాగం మీకు దక్కదు. మర్నాడు మాతంగి వేషం. చంపిన అమ్మవారే పాలెగాడి భార్యను ఓదార్చడానికి వెళ్లిందని చెబుతారు. నేరస్థుడు దొరకగానే ఆపేసే సినిమాలు ఎన్నో ఉన్నాయి. అతని ఇంటి వంటగది ఆ మర్నాడు ఎలా ఉంటుందో చూసేవి తక్కువ. కొర్లగుంట ఆవిడ చీటీల మనిషి భార్య ఇంటికి వెళుతుంది. ఇన్నాళ్లూ అతను ఎక్కడున్నాడో తెలియదని అబద్ధం చెప్పింది ఆ భార్యే. ఆమె నగలు కూడా ఆ చీటీల్లోనే పోయాయి. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు?

అయిదో పాఠానికి ఆ సన్నివేశం రాసి ఉంచండి. రెండు పేజీలు మించకూడదు. క్షమాపణ, ఏడుపు రెండూ వద్దు. ఇద్దరి చేతులకూ ఏదో ఒక పని ఉండాలి: చింతపండు పిక్క తీయడమో, బియ్యం చెరగడమో. దొర వేషం రోజున మీ కథలో పిలిచిన గొంతు ఎవరిదో కూడా పక్కన ఒక వాక్యంలో రాయండి. వచ్చే పాఠంలో ఆ గొంతును మనిషి కనబడకుండా శబ్దంతోనే ఎలా నిలబెట్టాలో చూద్దాం.