‘ఇర్యాటికల్లీ’తో వచ్చే చిక్కులు: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: ‘హిజ్ బిహేవియర్ ఈజ్ ఇర్యాటికల్లీ’ (erratically, అంటే అస్తవ్యస్తంగా) అని రాస్తే దిద్దేవారు ఎర్రగీత పెట్టారు.

కారణం: మన ‘గా’. ‘బండి అస్తవ్యస్తంగా నడుపుతున్నాడు’, ‘అతని ప్రవర్తన అస్తవ్యస్తంగా ఉంది’... రెండు చోట్లా మనకు ఒకటే రూపం. ఇంగ్లీషుకు అది కుదరదు. పని జరిగే తీరుకు ఒక మాట, మనిషో వస్తువో ఉన్న తీరుకు మరో మాట. ‘ఆమె అందంగా ఉంది’ అన్నప్పుడు మనం ‘బ్యూటిఫుల్’ దగ్గరే ఆగిపోతాం, ఎందుకంటే ఆ వాక్యం చిన్నప్పటి నుంచి చెవిలో ఉంది. ‘ఇర్యాటిక్’ అరుదుగా వినే మాట కాబట్టి ‘గా’ చెయ్యి పట్టి లాక్కుపోతుంది.

పరిష్కారం: ‘గా’ తర్వాత ఏ క్రియ వచ్చిందో చూడండి. ‘ఉంది’ అయితే ‘ఇర్యాటిక్’ చాలు. నడపడం, పనిచేయడం, గుండె కొట్టుకోవడం లాంటివైతే ‘ఇర్యాటికల్లీ’.

సమస్య: వ్యాకరణం సరిపోయింది, అర్థమే కుదరలేదు. బస్సు రోజూ అరగంట ఆలస్యంగా వస్తోందని చెప్పడానికి ఈ మాట వాడారు.

కారణం: ‘సరిగా లేదు’ అనదగ్గ ప్రతిదానికీ దీన్ని తగిలించడం. మూలంలో ఉన్న లాటిన్ క్రియ ‘ఎరారే’కు దారి తప్పడం, తిరుగాడడం అని అర్థం. ‘ఎర్రర్’ కూడా దాని సంతానమే. హిమానీనదాలు ఎక్కడి నుంచో మోసుకొచ్చి, అక్కడి రాతితో పోలికే లేని చోట వదిలేసిన బండలను భూగర్భ శాస్త్రంలో ‘ఇర్యాటిక్స్’ అంటారు.

పరిష్కారం: తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పగలనా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. రోజూ అరగంట ఆలస్యమైతే మనమే అరగంట ఆగి బయలుదేరవచ్చు. ఇవాళ పది నిమిషాల ముందే వచ్చి, రేపు గంట ఆలస్యమై, ఎల్లుండి అసలు రాకపోతే అప్పుడు ఈ మాట వాడాలి. అనంతపురం వైపు వేరుశనగ రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. తొలి వానకు విత్తనం వేయించి, ఆపైన వారాల తరబడి మొహం చాటేసి, కాయ పీకే వేళకు కుండపోతగా కురిసే వాన ఎలాంటిదో ఆయనకు తెలుసు. ‘తీరూ తెన్నూ లేకుండా’ అన్నదే దీనికి దగ్గరి తెలుగు. గుండె విషయంలో మాత్రం ‘లయ తప్పి’ అనడం మేలు.

సమస్య: స్పెల్లింగ్ తప్పుతోంది.

పరిష్కారం: ‘ఆర్’లు రెండు, చివర ‘ఏ ఎల్ ఎల్ వై’. అంతే.

సమస్య: నోరు తెరిచి పలికితే ఎదుటివారు ముసిముసిగా నవ్వారు.

కారణం: చాలామంది ‘ఎరాటికల్లీ’ అంటారు. ఆ ‘రా’తో పలికితే అమెరికా వారి చెవికి శృంగారానికి చెందిన వేరే మాట వినిపిస్తుంది.

పరిష్కారం: ‘ర్యాట్’ను, అంటే ఎలుకను, తలచుకుని అక్కడే ఒత్తి పలకండి. చివరి ‘కల్లీ’ని ‘క్లీ’గా తేల్చేయండి: ‘ఇర్యాటిక్లీ’. వంటింట్లో దీపం వేయగానే ఎలుక పరుగెత్తే తీరు చూశారా? అర్థం కూడా అదే.