‘జ్ఞ’ పేజీ: కే-ఎన్, జీ-ఎన్ ఉన్న ఇంగ్లిష్ మాటలు నేర్చుకునే పద్ధతి

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. అయినా సాయంత్రం స్టడీ అవర్‌లో పదో తరగతి పిల్లలు ఇంగ్లిష్ మాటల జాబితాలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వస్తుంటారు. ఏ నుంచి జెడ్ దాకా వరసగా రాసుకుని, ఎదురుగా అర్థం పెట్టుకుని బట్టీ పడతారు. సోమవారం అప్పజెప్పింది గురువారానికి పోతుంది. తప్పు పిల్లలది కాదు. ఆ జాబితాలో ఒక మాటకీ దాని కింది మాటకీ ఏ సంబంధమూ ఉండదు, మనసు పట్టుకోవడానికి ఆధారం దొరకదు. అందుకే వాళ్లచేత మాటల్ని కలిసొచ్చే అక్షరాల ప్రకారం పోగుచేయిస్తాను. తెలుగువాడిగా నాకు దొరికిన దారి తత్సమాల మీదుగా వెళ్తుంది. ఒక్క పేజీ పూర్తిగా చేసి చూపిస్తాను. మిగతావి మీరే చేసుకోగలరు.

లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. తెరిస్తే ఎదురెదురుగా రెండు పేజీలు కనబడాలి. ఎడమ పేజీ తెలుగుకి, కుడి పేజీ ఇంగ్లిష్‌కి. ఎడమ పేజీ నెత్తిన ‘జ్ఞ’ అని పెద్దగా రాసి, కింద మీకు వచ్చిన మాటలు రాయండి: జ్ఞానం, అజ్ఞానం, అజ్ఞాతం, ప్రజ్ఞ, విజ్ఞానం, అభిజ్ఞానం. అన్నిట్లోనూ ‘తెలియడం’ అనే అర్థం ఉంది.

ఇప్పుడు ప్రజ్ఞ, యజ్ఞ అనే పేర్లు మన పిల్లలు ఇంగ్లిష్‌లో ఎలా రాస్తారో గమనించండి. ‘జ్ఞ’ని జీ-ఎన్ అని రాస్తారు. మన ఉచ్చారణ అలాంటిది కాబట్టి అలా రాస్తాం. లాటిన్, గ్రీకు భాషల్లోనూ ‘తెలియడం’ అనే ధాతువుకి ఉన్నది ఆ జీ-ఎన్ అక్షరాలే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. ఆ చుట్టరికాన్ని మనం ఈ నోట్‌బుక్‌లో వాడుకుంటున్నాం.

కుడి పేజీలో మొదట ‘నో’ రాయండి, కే-ఎన్-ఓ-డబ్ల్యూ. అర్థం తెలుసు కదా, తెలియడం. దాని పిల్లలు ‘నాలెడ్జ్’, ‘అక్నాలెడ్జ్’. రెండోదానికి ఒప్పుకోవడం, అందిందని తెలియజేయడం అని అర్థాలు. ఆఫీసులో దరఖాస్తు ఇస్తే చేతిలో పెట్టే అక్నాలెడ్జ్‌మెంట్ అదే. ‘నో’లో కే ఎందుకు పలకదని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. పూర్వం ఇంగ్లిష్ వాళ్లు పలికేవారు, సుమారు పదిహేడో శతాబ్దంలో మానేశారు. నోరు మానేసినా రాత మానలేదు. ఈ ముక్క తెలిసిన పిల్ల స్పెల్లింగ్‌లో కే వదిలేయడం నేను చూడలేదు.

తర్వాత జీ-ఎన్ మాటలు. వీటి దగ్గర తొందరపడకండి, పేజీకి ప్రాణం ఇక్కడే ఉంది.

‘ఇన్‌కాగ్నిటో’. ఫోన్‌లో ఆ పేరుతో ట్యాబ్ తెరవని పిల్లాడు లేడు, అర్థం చెప్పమంటే మాత్రం తల దించుకుంటాడు. ‘ఇన్’ అంటే ఇక్కడ ‘కాని’, ‘కాగ్నిటో’ అంటే తెలిసిన. కలిపితే అజ్ఞాతంగా. విరాటుడి కొలువులో పాండవులు ఉన్నది ఇన్‌కాగ్నిటోగానే. ఎడమ పేజీలోని ‘అజ్ఞాతం’ నుంచి దీనికి ఒక గీత గీయండి.

‘ఇగ్నొరెంట్’ అంటే అజ్ఞాని, తెలియనివాడు. ‘ఇగ్నోర్’ కూడా ఆ ఇంటిదే, కానీ ఇప్పుడు దాని అర్థం కావాలని పట్టించుకోకపోవడం. ‘అగ్నాస్టిక్’ను ఇంగ్లండు శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ 1869లో తయారుచేశాడు. దేవుడు ఉన్నాడో లేడో తెలుసుకోలేమనేవాడు అని అర్థం. దాని మొదట ఉన్న ‘అ’, మన ‘అజ్ఞానం’లోని ‘అ’ ఒకటే పని చేస్తాయి. ‘రికగ్నైజ్’ అంటే మళ్లీ తెలుసుకోవడం, అంటే గుర్తుపట్టడం. మన ‘అభిజ్ఞానం’ అంటే గుర్తు, ఆనవాలు. మరో గీత. ‘డయాగ్నోసిస్’ వ్యాధి ఏదో తేల్చి తెలుసుకోవడం, ‘ప్రోగ్నోసిస్’ ఆ వ్యాధి ఇకముందు ఎలా నడుస్తుందో ముందుగా చెప్పడం. ‘ప్రో’, ‘ప్ర’ చుట్టాలే కాబట్టి ‘ప్రోగ్నోసిస్’, ‘ప్రజ్ఞ’ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. అర్థాలు వేరయ్యాయి, అది కూడా పక్కన రాసుకోండి. పేపర్లో కోర్టు వార్తలు చదివేవాళ్లకి ‘కాగ్నిజెన్స్’ తగులుతుంది: విషయం తమ దృష్టికి వచ్చినట్టు కోర్టు పరిగణించడం.

ఒక్కోసారి జీ రాలిపోతుంది. మన ‘నోటీసు’ అలాంటిదే. లాటిన్‌లో ఆ మాట వెనక ‘తెలిసిన’ అనే అర్థమే ఉంది. ఇలాంటివి పేజీ అడుగున విడిగా పెట్టండి.

ఇక ఏరివేత. అక్షరాలు కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు, ఈ పద్ధతిలో ప్రమాదం అదొక్కటే. ప్రతి మాటనీ ఒక ప్రశ్న అడగండి: నీలో ‘తెలియడం’ ఉందా? ‘నైఫ్’, ‘నాట్’, ‘నాక్’ మూడింటికీ కే-ఎన్ ఉంది. కత్తి, ముడి, తలుపు తట్టడం. వీటిలో తెలియడం లేదు, తీసేయండి. ‘ఫారిన్’లో జీ ఉంది గాని, అది మూలంలో లేదు. ‘రెయిన్’ అంటే పరిపాలన అనే మాటలో ఉన్న జీని చూసి తర్వాత చేర్చిందది. ‘సైన్’ విషయంలో పిల్లలు నాతో వాదిస్తారు, గుర్తు చూస్తే తెలుస్తుంది కదా సార్ అని. వాదన నాకు నచ్చుతుంది, కానీ ఆ మాట పుట్టుక వేరు. ఊహ ఎంత బాగున్నా నిఘంటువు చూసి తేల్చుకోవాలి. మెరియమ్-వెబ్‌స్టర్ వెబ్‌సైటులో చాలా మాటల కింద పుట్టుక ఉంటుంది, ఫోన్‌లోనే చూడొచ్చు.

‘నీ’, అంటే మోకాలు, దీనికి వేరే పేజీ ఇవ్వండి. సంస్కృతంలో జాను, లాటిన్‌లో గెను. ‘ఆజానుబాహుడు’ అంటే మోకాళ్ల దాకా చేతులున్నవాడని పద్యాలు చదివిన పిల్లలకు తెలుసు. ఇక్కడొక వరస కనబడుతుంది: సంస్కృతంలో జ, లాటిన్‌లో గ, ఇంగ్లిష్ సొంత మాటలో క. జ్ఞ, గ్నో, నో కూడా ఈ వరసలోనే ఉన్నాయి. గ ఇలా క కావడం జర్మన్ పండితుడు యాకబ్ గ్రిమ్ 1822లో క్రమపరిచి చూపించిన ధ్వని మార్పుల్లో ఒకటి.

తెలుగు మాస్టారిగా ఒక హెచ్చరిక. ఎడమ పేజీలోకి తత్సమాలనే రానివ్వండి. ‘తెలివి’, ‘ఎరుక’ అచ్చ తెలుగు మాటలు, వాటి కుటుంబం ద్రావిడం. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఎల్లిస్ దొర 1816లోనే మద్రాసులో నిరూపించాడు. ‘ఎరుక’కు ఇంగ్లిష్‌లో చుట్టాన్ని వెతికితే దొరికేది కాకతాళీయమే. అచ్చ తెలుగు మాటలను కుడి పేజీలో అర్థం చెప్పడానికి వాడండి, అక్కడ వాటిని మించినవి లేవు.

పేజీ నిండాక చదివే తీరు ఇది. కుడి పేజీని అట్టముక్కతో మూయండి. ఎడమ పేజీలో ‘అజ్ఞాతం’ చూసి ఇంగ్లిష్ మాట పైకి చెప్పండి, స్పెల్లింగ్ కాగితం మీద రాయండి. మర్నాడు ఎడమ పేజీ మూసి, ఇంగ్లిష్ మాటతో మీ ఇంటి సంగతి ఒక వాక్యంలో రాయండి. గైడు వాక్యం వద్దు. ‘మా తాతయ్య నన్ను గొంతు విని రికగ్నైజ్ చేస్తాడు’ అని ఇంగ్లిష్‌లో రాసిన అమ్మాయికి ఆ మాట ఇక పోదు. పేజీకి పది పన్నెండు మాటలు చాలు. ఏభై రాస్తే మళ్లీ జాబితానే అవుతుంది.

రెండో పేజీ ‘స్పెక్ట్’తో చేయండి. ఎడమన ‘స్పష్టం’, చూడటం అనే ధాతువు నుంచి వచ్చిన మాట. కుడిన ‘ఇన్‌స్పెక్ట్’ లోపలికి చూడటం, తనిఖీ. ‘సస్పెక్ట్’ కిందినుంచి చూడటం, అనుమానించడం. ‘రెస్పెక్ట్’ వెనుదిరిగి చూడటం, గౌరవం. ‘స్పెక్టేటర్’ ప్రేక్షకుడు. ‘ఎక్స్‌పెక్ట్’లో ఎస్ కనబడదు, ఎక్స్ శబ్దంలో కలిసిపోయింది. ఎదురుచూడటం అనే అర్థం మాత్రం అలాగే ఉంది.

మూడోది ‘డిక్ట్’. ఎడమన ‘ఆదేశం’, ‘ఉపదేశం’. కుడిన ‘డిక్టేషన్’, ‘ప్రెడిక్ట్’, ‘వర్డిక్ట్’, ‘కాంట్రడిక్ట్’. అర్థాలు మీరే రాయండి. ‘ఇండైట్’ అని పలికే మాట, నేరారోపణ చేయడం అని అర్థం, రాతలో డిక్ట్‌తోనే ముగుస్తుందని మరవకండి.

నాలుగో పేజీకి ‘జన్’ తీసుకోండి: జనం, జన్మ, ప్రజ. కుడిన జీ-ఈ-ఎన్ మాటలు, ‘జెనరేషన్’, ‘జెనెటిక్’. కే వరసలో ‘కిన్’, అంటే రక్తబంధువులు. ‘ప్రెగ్నెంట్’లో జీ-ఎన్ చూసి ఎవరైనా దాన్ని ‘జ్ఞ’ పేజీలో రాసి ఉంటే ఇక్కడికి మార్చండి, అది పుట్టుక కుటుంబానిది. ‘ప్రజ’ అంటే సంతానం అని మొదటి అర్థం. దాని ఎదురుగా ‘ప్రోజెనీ’ రాసి గీత గీయండి.