కొత్త ఊరు మన ఊరు కావాలంటే: బెజవాడలో నేను నేర్చుకున్నది

పెళ్లయి శ్రీకాకుళం నుంచి బెజవాడ వచ్చిన కొత్తలో నాకు పొద్దస్తమానం నాగావళే గుర్తొచ్చేది. ఇక్కడి ఎండా పడలేదు, కారమూ పడలేదు. అలాంటిది ఇప్పుడు ఎవరైనా "బెజవాడలో ఏముందండీ, ఉక్కపోత తప్ప" అంటే ఊరుకోలేను. మా వీధిలోకి బదిలీ మీద కొత్త కాపురం ఎప్పుడు వచ్చినా నేను ఇవే చెబుతాను.

ముందు పేర్లు పట్టుకోండి. కాగితాల్లో మహాత్మాగాంధీ రోడ్డు అని రాసినా ఆటో ఎక్కి బందరు రోడ్డు అనాలి. ఏలూరు రోడ్డుకు కారల్ మార్క్స్ రోడ్డు అని పేరున్నా అలా పిలిచేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కు వెళ్లినప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ఆ పేరు అయ్యదేవర కాళేశ్వరరావు గారిదనీ, స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లిన ఆయనే ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకర్ అయ్యారనీ వంకాయలు ఏరుకుంటూ చెప్పండి. క్లాసు పీకినట్టు చెబితే వినరు. పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది 1921లో, ఈ ఊళ్లోనే. మా అమ్మాయికి ఆ సంగతి స్కూల్లో జెండా వందనం రోజు చెప్పాను. ఆ ఏడాది జెండా వైపు చూసే తీరే మారిపోయింది.

తర్వాత, ఒక్కసారైనా ప్రకాశం బ్యారేజీ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవండి. పొద్దున ఆరింటికైతే ఎండ ఉండదు. 70 గేట్లు, పిల్లల చేత లెక్కపెట్టించండి, మధ్యలో తప్పినా ఫర్వాలేదు. 1850ల్లో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, 1957కల్లా ఇది లేచింది. ఇక్కడ ఆగిన నీళ్లే దాదాపు 13 లక్షల ఎకరాల డెల్టాకు వెళతాయి. మన ఊరి మధ్య నుంచి పోయే ఏలూరు, రైవస్, బందరు కాలువలవీ ఈ నీళ్లే. అవతలి గట్టున అడుగు పెడితే గుంటూరు జిల్లా. కారం విషయంలో గుంటూరు వాళ్లతో ఎంతైనా వాదించుకోండి, నీళ్లు మాత్రం ఇద్దరివీ ఒకటే.

దసరాకు ఇంట్లో కూర్చోవద్దు. మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవి అలంకారానికి క్యూలో నిలబడే ఓపిక లేకపోతే, నడిచి వచ్చే భవానీలకు ఇంటి ముందు ఒక బిందె మజ్జిగ పెట్టండి. ఎర్రబట్టల్లో, బొబ్బలెక్కిన కాళ్లతో వచ్చిన పెద్దాయన గ్లాసు తిరిగిస్తూ "చల్లగా ఉండమ్మా" అంటే, మన గుమ్మానికి కొండ మీది అమ్మవారితో చుట్టరికం కలిసినట్టు ఉంటుంది.

ఇవన్నీ చేసినా నాలో ఎక్కడో కాస్త దూరం మిగిలే ఉండేది. అది 2024 సెప్టెంబరు 1న పోయింది. ఆదివారం. బుడమేరు పొంగి మా సింగ్ నగర్ వీధిలోకి నీళ్లొచ్చాయి. మేముండేది రెండో అంతస్తు. చూస్తుండగానే కింద బండ్లు మునిగిపోయాయి. కింది వాటావాళ్లు ఇద్దరు పిల్లల్నీ బియ్యం డబ్బానూ ఎత్తుకుని మా ఇంటికి వచ్చేశారు. కరెంటు లేదు, నీళ్ల మధ్యే ఉన్నా తాగడానికి చుక్క లేదు. నా దగ్గర సిలిండరు, వాళ్ల దగ్గర బియ్యం, పైవాళ్ల దగ్గర గోంగూర పచ్చడి. ఏ కులమో, ఏ జిల్లానో ఎవరూ అడగలేదు. నీళ్లు తీశాక మెట్ల మీద అరచెయ్యి మందాన బురద. చీపుళ్లతో, రేకు ముక్కలతో అందరం కలిసి గోకాం. శ్రీకాకుళం నుంచి మా అన్నయ్య ఫోన్ చేసి, "వచ్చేయమ్మా, ఎందుకా ఊళ్లో" అన్నాడు. "మా ఊరు ఇలా ఉంటే ఎలా వస్తానన్నయ్యా?" అన్నాను. అన్నాక గానీ ఏ ఊరిని 'మా ఊరు' అన్నానో నాకు తట్టలేదు.

అలాంటి ఆపద ఎవరికీ రాకూడదు. కానీ ఆపద లేకుండా కూడా వీధి కోసం చేసే పని ఒకటి పెట్టుకోండి. మా అపార్ట్‌మెంట్‌లో వానాకాలానికి ముందు మురుగు కాలవలో చెత్త తీయించే బాధ్యత నాది. మునిసిపాలిటీకి ఫోన్ చేయడం, వాళ్లు వచ్చేదాకా వెంటపడటం, దగ్గరుండి తీయించడం. ఇదంతా చేస్తే ఆ కాలవ కూడా మనదే అనిపిస్తుంది.

ఒక్క మాట, పుట్టిన ఊరిని వదులుకోవాలని ఎవరైనా అంటే వినకండి. నేను ఇప్పటికీ ఇంట్లో మా యాసే మాట్లాడతాను. మా అమ్మాయి మాత్రం రైలు కృష్ణా బ్రిడ్జి ఎక్కగానే కిటికీ దగ్గరికి జరిగి, రూపాయి బిళ్ల నీళ్లలోకి వేసి, "అమ్మా, వచ్చేశాం" అంటుంది.