వ్యాపార గణాంకశాస్త్రాన్ని నిర్ణయం వైపు నుంచి చదవడం ఎలా

డిగ్రీలో బిజినెస్ స్టాటిస్టిక్స్ పేపరును చాలామంది సూత్రాల జాబితాగా చదివి, పరీక్ష గట్టెక్కి, మరుసటి సెమిస్టరుకల్లా మరచిపోతారు. ఇందులో తప్పంతా విద్యార్థిది కాదు. పాఠాలు సగటుతో మొదలై, పరికల్పన పరీక్షల మీదుగా రిగ్రెషన్ దాకా సాగుతాయి గానీ, ఆ లెక్క చూసి ఎవరు ఏం చేయబోతున్నారన్న సంగతి అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. ఆ లోటును విద్యార్థే పూడ్చుకోవాలి. ఏ అధ్యాయం తెరిచినా ముందుగా ఒక నిర్ణయాన్ని నోటుపుస్తకంలో రాసుకొని, దాని కింద రెండు ప్రశ్నలు వేసుకోండి. లెక్కలో ఏ జవాబు వస్తే నా నిర్ణయం మారుతుంది? అంచనా ఎక్కువ వైపు తప్పితే ఎంత నష్టం, తక్కువ వైపు తప్పితే ఎంత? ఈ రెండో ప్రశ్నను దాటవేసినవారికి ఎంత గణితం వచ్చినా సబ్జెక్టు సగమే వచ్చినట్లు.

ఈ మాటను ఒక చిన్న లెక్కతో సరిచూసుకోవచ్చు. సాయంత్రానికి పనికిరాకుండా పోయే ఒక సరుకును దుకాణదారు రోజూ ఉదయమే తెప్పించుకోవాలి. గడచిన పది రోజుల గిరాకీని ఆరోహణ క్రమంలో పేరిస్తే 20, 22, 24, 25, 26, 28, 29, 30, 32, 34 అని ఉంది, సగటు 27. రేపటికి ఎన్ని తెప్పించాలని అడిగితే వెంటనే నోటికి వచ్చే జవాబు 27. ఇప్పుడు ధరలు కలుపుదాం. ఒక్కొక్కటి 65 రూపాయలకు కొని 100 రూపాయలకు అమ్ముతారు, మిగిలిపోయినదానికి విలువ లేదు. 27 తెప్పిస్తే, గిరాకీ అంతకు మించిన రోజుల్లోనూ 27 మాత్రమే అమ్మగలరు కనుక, రోజుకు సగటున 25.2 అమ్ముడవుతాయి, రాబడి 2,520, కొనుగోలు 1,755, మిగిలేది 765. అదే 25 తెప్పిస్తే సగటున 24.1 అమ్ముడై, 2,410లో 1,625 పోగా 785 మిగులుతుంది. కొనుగోలు ధర 25 రూపాయలకు తగ్గిందనుకోండి, లెక్క తిరగబడుతుంది: 27 తెప్పిస్తే 1,845 మిగలగా, 30 తెప్పిస్తే 1,890 మిగులుతుంది. గిరాకీ అంకెల్లో ఒక్కటీ మారలేదు. మారినదల్లా పొరబాటుకు చెల్లించవలసిన మూల్యం.

దీని వెనుక ఉన్న తర్కం తేలికైనదే. అదనంగా తెప్పించే ఒక్క వస్తువు అమ్ముడయ్యే సంభావ్యతను అమ్మకపు ధరతో గుణిస్తే వచ్చేది కొనుగోలు ధర కంటే ఎక్కువగా ఉన్నంతవరకు సంఖ్యను పెంచుకుంటూ పోవాలి. మొదటి సందర్భంలో 25వ వస్తువు పది రోజుల్లో ఏడు రోజులు అమ్ముడవుతుంది, అంటే 70, అది 65కు పైనే. 26వది ఆరు రోజులే అమ్ముడవుతుంది, 60 దగ్గర ఆగిపోవాలి. సంభావ్యత అధ్యాయాన్ని పాచికలతో, సంచిలోని రంగు బంతులతో కాక ఇటువంటి లెక్కతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. పది రోజుల అంకెలు నిజమైన నిర్ణయానికి చాలా తక్కువ అన్న అనుమానం మీకు ఈపాటికే కలిగి ఉంటే, అది సరైన అనుమానమే.

వర్ణనాత్మక గణాంకాలలో, అంటే చేతిలో ఉన్న అంకెలను క్లుప్తంగా వర్ణించే కొలతలలో, అన్నిటికీ సమానంగా సమయం ఇవ్వనక్కరలేదు. బాహుళకానికి (ఎక్కువసార్లు వచ్చే విలువకు) ఒక పూట చాలు. అంకెల పంపిణీ ఆకారాన్ని కొలిచే స్క్యూనెస్, కర్టోసిస్ సూత్రాలను పరీక్ష కోసం నేర్చుకొని ముందుకు సాగవచ్చు. అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం దగ్గర మాత్రం ఆగండి. ఇద్దరు సరఫరాదారులు సగటున ఐదు రోజుల్లోనే సరుకు పంపుతున్నా, ఒకరు నాలుగు నుంచి ఆరు రోజుల్లో, మరొకరు ఒకటి నుంచి తొమ్మిది రోజుల్లో పంపుతుంటే, గోదాములో అదనంగా ఎంత నిల్వ ఉంచుకోవాలన్నది సగటు చెప్పదు, విచలనమే చెబుతుంది. ఒకటి రెండు సార్లు దానిని కాగితం మీద చేత్తో కట్టండి. నమూనాకు లెక్క కట్టేటప్పుడు అంశాల సంఖ్యలో ఒకటి తగ్గించి ఎందుకు భాగిస్తారో అప్పుడే బుర్రకెక్కుతుంది. ఏ సంఖ్యను నమ్మే ముందైనా గ్రాఫు గీయండి. ఫ్రాన్సిస్ ఆన్‌స్కూంబ్ 1973లో ప్రచురించిన నాలుగు చిన్న దత్తాంశాలలో (డేటా సెట్లలో) ఒక్కొక్కదానికి 11 బిందువులే. నాలుగింటిలోనూ సగటులు, సహసంబంధం (రెండు చరాలు ఎంతగా కలిసి మారుతాయన్న కొలత) దాదాపు ఒకటే. గీసి చూస్తే ఒకటి మామూలు వాలు, ఒకటి వంపు, మిగిలిన రెండింటిలో ఒక్క బిందువే ఫలితాన్ని తనవైపు లాగేస్తోంది.

అసలు చిక్కు అనుమితి అధ్యాయాలలో, అంటే నమూనాను చూసి మొత్తం గురించి చెప్పే చోట, ఉంది. ఒక వెబ్‌సైటు పాత పేజీని 200 మందికి, కొత్త పేజీని మరో 200 మందికి చూపింది. పాతదానిలో 20 మంది, కొత్తదానిలో 26 మంది కొన్నారు. పది శాతానికి పదమూడు శాతం, కొత్త పేజీదే గెలుపని ప్రకటించాలనిపిస్తుంది. తేడాకు ప్రామాణిక దోషం (నమూనా మారితే అంచనా ఎంత అటూఇటూ అవుతుందన్న కొలత) కట్టి చూస్తే సుమారు 3.2 శాతం పాయింట్లు వస్తుంది. అంటే 95 శాతం విశ్వాస అంతరం, అసలు తేడా ఉండగల హద్దుల అంచనా, సుమారు మైనస్ 3.2 నుంచి 9.2 దాకా సాగుతుంది: కొత్త పేజీ నష్టమైనా చేయవచ్చు, ఎంతో లాభమైనా తేవచ్చు. అవే శాతాలు 2,000 మంది చొప్పున చూసినప్పుడు వచ్చి ఉంటే అంతరం 1 నుంచి 5కు బిగుసుకుంటుంది. నమూనా పదింతలయినా అంతరం మూడో వంతుకే తగ్గడం గమనించండి. వర్గమూలం పని అది. సర్వేకు ఎంత ఖర్చు పెట్టాలన్న నిర్ణయం కూడా ఇక్కడినుంచే వస్తుంది.

పి-విలువ విషయంలో ఒక్క పొరపాటు మానుకుంటే చాలు. శూన్య పరికల్పన, అంటే అసలు తేడా ఏమీ లేదన్న ఊహ, నిజమయ్యే అవకాశం ఎంతో అది చెప్పదు. శూన్య పరికల్పన నిజమే అనుకుంటే ఇంతటి లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా ఎంత అరుదుగా కనిపిస్తుందో చెబుతుంది. పి-విలువ 0.05 వంటి ఒక గీత దాటిందా లేదా అన్నదానిపైనే వ్యాపార నిర్ణయాలు ఆధారపడరాదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ఒక ప్రకటనలో స్పష్టంగా పేర్కొంది. పేపరులో పి-విలువ అడిగితే రాయండి, దానితోపాటు విశ్వాస అంతరాన్నీ రాయడం అలవాటు చేసుకోండి. చిన్న నమూనాల సగటులను పరీక్షించే టి-పరీక్ష దగ్గర విసుగు పుడితే, దాని పుట్టుక ఒక బీరు కర్మాగారంలో జరిగిందని గుర్తుంచుకోండి: గిన్నెస్‌లో పనిచేసిన విలియం గాసెట్, చిన్న నమూనాలతో నిర్ణయాలు తీసుకోవలసివచ్చి, 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో ఆ పరీక్షకు మూలమైన వ్యాసం ప్రచురించారు.

నమూనా పెద్దదయితే సరిపోదు, అది ఎవరిని వదిలేసిందన్నదీ ముఖ్యమే. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి కూడా రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని చెప్పింది. రూజ్‌వెల్ట్ ఘనవిజయం సాధించారు. జవాబు పంపినవారు మొత్తం ఓటర్లకు ప్రతినిధులు కారు. నింపాలనిపించినవారు మాత్రమే నింపే కస్టమర్ ఫీడ్‌బ్యాక్ ఫారానికీ ఇదే జబ్బు ఉంది.

ఒక చరం మారితే మరొకటి ఎలా మారుతుందో గీతగా అంచనా కట్టే రిగ్రెషన్‌లో గుణకాన్ని వాక్యంగా చదవడం నేర్చుకోండి: మిగతా చరాలు మారకుండా ఉంటే, ప్రకటనల ఖర్చు ఒక యూనిట్ పెరిగినప్పుడు అమ్మకాలు సగటున ఇంత ఎక్కువగా కనిపిస్తున్నాయి. కనిపిస్తున్నాయనే అనాలి, పెరుగుతాయని అనకూడదు, ఎందుకంటే అమ్మకాలు ఎలాగూ పెరిగే నెలల్లోనే సంస్థ ప్రకటనలు ఎక్కువగా ఇస్తూ ఉండవచ్చు. దత్తాంశంలో లేని ఖర్చు స్థాయికి గీతను పొడిగించకండి.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువగా ఆందోళన పడవలసిన పని లేదు. మొదటి సెమిస్టరుకు స్ప్రెడ్‌షీటు, అందులో అంకెలను వర్గాలవారీగా క్రోడీకరించే పివట్ టేబుల్ చాలు. ఆర్ గానీ పైథాన్ గానీ, ఆ ప్రోగ్రామింగ్ భాషలను తర్వాత నేర్చుకోవచ్చు. ప్రతి లెక్క చివర ఐదారు వాక్యాల నివేదిక రాయండి: నిర్ణయం ఏమిటి, అంచనా ఎంత, దాని అంతరం ఎంత, ఏ ఊహ తప్పితే సలహా మారుతుంది. ఇందులో గుర్తులు గానీ సూత్రాలు గానీ ఉండరాదు. రాయలేకపోతే ఆ అధ్యాయాన్ని మళ్లీ తెరవండి.

మరొక సాధన వారానికి పది నిమిషాలే తీసుకుంటుంది. మీకు జవాబు తెలియని పది పరిమాణాలకు, 90 శాతం నమ్మకంతో చెప్పగల కనిష్ఠ, గరిష్ఠ హద్దులు రాసి, తర్వాత అసలు విలువలు వెతకండి. పదింట సుమారు తొమ్మిది మీ హద్దుల్లో పడాలి. అయిదో ఆరో పడితే హద్దులను వెడల్పు చేసి మరుసటి వారం మరో పదింటితో మళ్లీ ప్రయత్నించండి.