టాకో బండి దగ్గర ఎట్టా తినాలి? కావలి నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళ కోసం

మా వీధిలో ఈ ఏడాది ఇద్దరు ఆడవాళ్ళు అమెరికాకి, పిల్లల దగ్గరికి బయలుదేరుతున్నారు. వాళ్ళు వచ్చి నన్ను అడిగింది వీసా గురించీ కాదు, విమానం గురించీ కాదు. "ఊళ్ళు తిరిగేటప్పుడు ఏం తింటారక్కా? ఆ చప్పిడి తిండి మన వల్ల అవుతుందా?" అని. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేనూ మావారూ మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలు ఉన్నాం. సాల్ట్ లేక్ సిటీ నుంచి కార్లో నాలుగు గంటలు పోతే మోయాబ్ అని చిన్న ఊరు వస్తుంది. దాని పక్కనే ఎర్రరాతి తోరణాలుండే ఆర్చెస్ నేషనల్ పార్కు. ఆ రాళ్ళు చూడటానికి దేశదేశాల జనం వస్తారు. అక్కడ ఒక మెక్సికన్ ఫుడ్ ట్రక్కు, అంటే టాకోలు అమ్మే బండి దగ్గర రెండు రోజుల్లో మూడుసార్లు తిన్నాం. ఆ నాలుగు నెలల్లో బయట తిన్నవాటిలో మా నాలుకకి సొంతంగా అనిపించిన తిండి అదే. అనిపించదా మరి! మన మిరపకాయకి పుట్టిల్లు మెక్సికో వైపే. 1500ల్లో పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చేదాకా మనకి కారమంటే మిరియాలు, పిప్పళ్ళే. టమాటా, మొక్కజొన్న కూడా ఆ ఖండం నుంచే మన పొలాల్లోకి వచ్చాయి.

కావలి ట్రంకు రోడ్డు మీద కారందోశ బండి దగ్గర నిలబడి తిన్నవాళ్ళకి టాకో బండి దగ్గర భయపడాల్సిన పని లేదు. పెనం ఒకటే, జనం ఎక్కువ, వేడి మీద తినాలి. తేడా అంతా భాషలోనూ మాంసంలోనూ ఉంది.

ముందు టైము సంగతి. పేరున్న బండికి మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్ళకండి. మొదటిరోజు మేం చేసిన తప్పు అదే. నలభై నిమిషాలు ఎండలో లైన్లో నిలబడ్డాం. మావారికి షుగరు ఉంది, కళ్ళు తిరిగినట్టయి కార్లో కూర్చోబెట్టి అరటిపండు తినిపించాల్సి వచ్చింది. రెండోరోజు పదకొండున్నరకే వెళ్తే మా ముందు నలుగురే ఉన్నారు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు చేతిసంచిలో ఒక పండు, నీళ్ళ సీసా, నెత్తికి టోపీ పెట్టుకోవాలి. మోయాబ్ ఎడారి ప్రాంతం, చెమట కనపడదు గానీ ఒళ్ళు ఎండిపోతుంది. ఇంకో మాట, సరుకు అయిపోతే వీళ్ళు టైముకి ముందే మూసేస్తారు, వారంలో ఏదో ఒక రోజు సెలవు కూడా ఉంటుంది. బయలుదేరేముందు ఆ బండి తెరిచి ఉందో లేదో పిల్లలచేత ఫోన్లో చూపించుకోండి.

ఇక బోర్డు. లైన్లో ఉన్నంతసేపూ దాన్నే చదువుకోవాలి, కిటికీ దగ్గరికి వచ్చాక ఆలోచిస్తే వెనకవాళ్ళకి ఇబ్బంది. టాకో అంటే చిన్న రొట్టె మీద కూర. బురీతో అంటే పెద్ద మైదా రొట్టెలో అన్నం, బీన్స్ (మన రాజ్మా లాంటి గింజలు), కూర అన్నీ పెట్టి చుట్టింది, ఒకటి ఇద్దరికి సరిపోతుంది. కేసాదియా అంటే రొట్టె మధ్యలో చీజ్ పెట్టి కాల్చింది, కారం తినలేని పిల్లలకి బాగుంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు టాకోలే తీసుకోండి. మనిషికి మూడు చాలు, మూడూ మూడు రకాలు చెప్పొచ్చు.

మాంసం పేర్లు మాత్రం కంఠతా పట్టాల్సిందే. మేం గొడ్డుమాంసం, పందిమాంసం తినం. మాలాంటివాళ్ళు ఈ మాటలు చూడగానే దాటిపోవాలి: అసాదా, లెంగ్వా, కబేసా అన్నవి గొడ్డుమాంసం. బార్బకోవా, బిర్రియా అన్నవి మెక్సికోలో మేకతోనో గొర్రెతోనో కూడా చేస్తారు, అమెరికా బళ్ళ మీద ఎక్కువగా గొడ్డుమాంసమే. ఉత్త 'కార్నే' అని రాసినా అదే అనుకోండి. అల్ పస్తోర్, కార్నీతాస్, చొరీసో పందిమాంసం. అల్ పస్తోర్‌ని నిలువు కమ్మీకి గుచ్చి తిప్పుతూ కాలుస్తారు, పైన అనాసపండు ఉంటుంది. లెబనాన్ నుంచి మెక్సికోకి వలస వచ్చినవాళ్ళ షవర్మా నుంచి పుట్టిందది. చూడగానే మన ఊళ్ళో చికెన్ షవర్మా అనుకుని చెప్పేస్తాం, జాగ్రత్త. మనం తినదగ్గవి పోయో, అంటే కోడి. పెస్కాదో, అంటే చేప. కమరోన్, అంటే రొయ్య. చేపల పులుసు తిని పెరిగిన నెల్లూరు జిల్లావాళ్ళం గదా, చేప టాకో ఉంటే వదలకండి. వేయించిన చేపముక్క మీద సన్నగా తరిగిన క్యాబేజీ, నిమ్మరసం, పైన తెల్లటి సాస్. మావారు వరసగా నాలుగు తిన్నారు.

అసలు మెక్సికోవాళ్ళు దీన్ని 'తాకో' అనే పలుకుతారు. మన తకారం వాళ్ళకీ ఉంది. నేను "తాకో" అన్నప్పుడు కిటికీలో ఉన్న అమ్మాయి ముఖం విప్పారింది.

శాకాహారులకి కొంచెం ఎక్కువ చెప్పాలి, నాకు ఇందులో మనసు నొచ్చుకున్న అనుభవం ఉంది. నేను శనివారం మాంసం ముట్టను. అంతకుముందు వేరే ఊళ్ళో ఒక బండి దగ్గర శనివారంనాడు బీన్స్ బురీతో తిన్నాను. బీన్సే గదా అనుకున్నాను. తర్వాత మా అమ్మాయి అడిగితే తెలిసింది, ఆ బీన్స్‌ని పందికొవ్వుతో వేయించారని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళు దాచిందేమీ లేదు, నేను అడగలేదు. దాన్ని స్పానిష్‌లో మంతేకా అంటారు, ఇంగ్లీషులో లార్డ్. మెదిపిన బీన్స్‌లోనూ, మైదా రొట్టెలోనూ అది ఉండొచ్చు. అన్నం కోడి ఉడికించిన నీళ్ళతో వండి ఉండొచ్చు. అందుకని ఈ మూడింటి గురించి విడివిడిగా అడగండి. మొక్కజొన్న రొట్టెలో మామూలుగా ఆ బాధ ఉండదు. పెనం మాత్రం అందరికీ ఒకటే, మాంసం కాల్చినచోటే కూరగాయలూ వేయిస్తారు. అది పట్టింపు ఉన్నవాళ్ళు ఆ బండి దగ్గర పళ్ళరసంతో సరిపెట్టుకోవడం మేలు. పట్టింపు లేనివాళ్ళకి పాపాస్ అని బంగాళాదుంప, రాహాస్ అని కాల్చిన మిరపకాయ చీలికలు, నోపాలెస్ అని ముళ్ళు తీసిన నాగజెముడు మట్టలు ఉంటాయి. నాగజెముడు మన పొలాల గట్ల మీద చూసిందే. తరిగి వేయిస్తే బెండకాయ జిగురు, చింతచిగురు పులుపు కలిసినట్టుంది.

కిటికీలు రెండుంటాయి. ఒకదాంట్లో చెప్పి డబ్బులివ్వడం, రెండోదాంట్లో ప్లేటు తీసుకోవడం. పేరు అడుగుతారు, పిలవడానికి. మన పూర్తి పేరు చెబితే వాళ్ళకి నోరు తిరగదు, "రాణి" అనో "రవి" అనో రెండక్షరాలు చెప్పండి. మేం వెళ్ళినప్పుడు టాకో ఒకటి 4 డాలర్లు. బోర్డు మీద ధరకి పన్ను తర్వాత కలుస్తుంది. కార్డు పెట్టగానే తెర మనవైపు తిప్పుతారు, 15, 18, 20 శాతం టిప్పు అని కనపడుతుంది. టెన్షన్ పడొద్దు, మీకు తోచింది నొక్కండి. ఆ ఇరుకులో, ఆ వేడిలో నిలబడి వండేవాళ్ళని చూశాక నాకు ఇవ్వబుద్ధయింది.

ప్లేటు కోసం ఎదురుచూసేటప్పుడు లోపలికి చూడండి. ఒకావిడ నిమ్మకాయంత పిండిముద్ద తీసి, మన పూరీల ప్రెస్సులాంటిదాంట్లో రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కింది. కాగితం ఒలిచి, రొట్టెని అరచేతి మీద నుంచి పెనం మీదికి జార్చింది. వేళ్ళతోనే రెండుసార్లు తిప్పింది. మూడోసారికి అది పుల్కాలా పొంగింది. అప్పుడొచ్చిన వాసన నాకు బాగా తెలుసు, సంక్రాంతికి ఇంటికి సున్నం వేసినప్పటి తడి వాసన. మా అమ్మాయిని అడిగితే చెప్పింది, మొక్కజొన్నలని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగేసి రుబ్బుతారట. తాంబూలంలో వేసుకునే సున్నమే. అలా చేస్తేనే పిండి ముద్దకట్టి సాగుతుంది, మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. సున్నం సంగతి తెలియకుండా మొక్కజొన్న మీదే బతికిన యూరప్ పల్లెల్లో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది.

ఇక పచ్చళ్ళు, వాళ్ళ మాటలో సల్సాలు. బండి పక్కన బల్ల మీద గిన్నెల్లో పెడతారు. రంగు చూసి కారం అంచనా వేయకండి. మావారు "మన కారం ముందు వీళ్ళదెంత" అని నారింజరంగు సల్సా రెండు చెంచాలు పోసుకున్నారు. అది హబనేరో అనే మిరపకాయతో చేసింది. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో హలపేన్యో మిరప 2,500 నుంచి 8,000 ఉంటుంది, మన గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000. హబనేరో 1,00,000 నుంచి 3,50,000. ఆయనకి కళ్ళల్లో నీళ్ళు, ఎక్కిళ్ళు. నీళ్ళు తాగినకొద్దీ మంట ఎక్కువైంది, ఎందుకంటే మిరప ఘాటు నీళ్ళలో కరగదు. టాకో మీద వేసే క్రీము అడిగి తినిపిస్తే తగ్గింది. ఏ సల్సా అయినా ముందు గోటిమీదంత రుచి చూడండి.

తినే పద్ధతి ఇది. నిమ్మబద్ద పిండండి. రొట్టెని మూడు వేళ్ళతో మడిచి పట్టుకుని, టాకోని ఎత్తకుండా తల పక్కకి వంచి కొరకండి, లేకపోతే కూర అంతా వెనకనుంచి జారుతుంది. అడుగున రొట్టెలు రెండుంటాయి, ఒకటి తీసి పారేయకండి. జారిన కూరని రెండో రొట్టెలో పెట్టుకుంటే ఇంకో చిన్న టాకో అవుతుంది. పార్సిల్ మాత్రం వద్దు. పదినిమిషాల్లో రొట్టె నాని చిరిగిపోతుంది. అక్కడే, నిలబడి, వేడిగా.

తాగడానికి హమాయికా అడగండి. ఎర్రటి పుల్లటి షర్బత్. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్కే, కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకల్ని నానబెట్టి తీసింది. మొదటి గుక్కకే నాకు మా అమ్మ గోంగూర దూసే చాట గుర్తొచ్చింది. తమరీందో అంటే చింతపండు పానకం. ఓర్చాతా అంటే బియ్యం నానబెట్టి రుబ్బి, దాల్చినచెక్క, చక్కెర వేసింది. షుగరున్నవాళ్ళకి మూడూ పనికిరావు, చక్కెర దండిగా ఉంటుంది. మావారికి రెండు గుక్కలు మాత్రమే ఇచ్చాను.

బాత్రూమ్ బండి దగ్గర ఉండదు, పార్కులోనో బంకులోనో చూసుకుని వెళ్ళండి. తిన్న ప్లేటు చెత్తడబ్బాలో మనమే వేయాలి.

మా వీధి ఆవిడ ఇదంతా విని, మాటలు గుర్తుండవు కాగితం మీద రాసిమ్మంది. తెలుగు అక్షరాల్లోనే రాసిచ్చాను: పోయో కోడి, పెస్కాదో చేప, కమరోన్ రొయ్య, పాపాస్ బంగాళాదుంప. కింద ఎర్ర ఇంకుతో, అసాదా వద్దు, కార్నీతాస్ వద్దు, మంతేకా ఉందా అని అడుగు. ఆమె దాన్ని మడిచి పాస్‌పోర్టు కవరులో పెట్టుకుంది.