మార్ఖా లోయ ట్రెక్‌కి వెళ్తున్నారా? ప్లాన్‌లో ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా లద్దాఖ్‌లో మార్ఖా లోయ ట్రెక్ సీజన్. పగలంతా ఏటి ఒడ్డున నడక, రాత్రికి ఏదో ఒక ఊళ్ళో ఒకరింట్లో పరుపు, వేడి వేడి థుక్పా (నూడిల్స్ సూప్), గైడు తోడుంటాడు, సామాను గుర్రాలు మోస్తాయి. ఇవన్నీ చూసి ఇది తేలిక ట్రెక్ అనుకుని హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి వారం సెలవు పెట్టి బయల్దేరేవాళ్ళు చాలామంది ఉన్నారు. నడక తేలికే కావచ్చు, ఎత్తు మాత్రం తేలిక కాదు. చివర్లో దాటాల్సిన కొంగ్మారు లా కనుమ దాదాపు 5,200 మీటర్లు, అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్ళో అందేదాంట్లో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. దీనికి వారం సరిపోదు. అన్నిటికంటే ముందు ఈ మాట చెప్పాలి.

లేహ్ ఊరే 3,500 మీటర్లలో ఉంది. పొద్దున్నే ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో అక్కడ దిగిపోతారు. దిగినప్పుడు అందరికీ బాగానే ఉంటుంది, అందుకే చాలామంది పొరబడతారు, ఎందుకంటే తలనొప్పి, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం సాధారణంగా కొన్ని గంటలు గడిచాక, ఆ రాత్రికి మొదలవుతాయి. మొదటి రోజు గదిలోనే పడుకోండి, రెండో రోజు బజారు దాకా మెల్లగా నడవండి, మూడో రోజు ఒళ్ళు కుదుటపడితే శాంతి స్తూపం మెట్లు ఎక్కి చూడండి. రెండో రోజే ఖార్దుంగ్ లా కనుమ చూపిస్తామనే ప్యాకేజీలు ఉంటాయి, అది 5,300 మీటర్ల పైన, ఒప్పుకోవద్దు. మందు, సిగరెట్, నిద్రమాత్రలు ఈ మూడు రోజులూ ముట్టుకోవద్దు. రోజూ జిమ్‌కి వెళ్తాను, మారథాన్ పరుగెత్తాను, నాకేం కాదు అనే ధీమా కూడా వద్దు. ఎత్తు పడకపోవడానికీ ఫిట్‌నెస్‌కీ సంబంధం లేదు. పైగా బలంగా ఉన్నవాళ్ళు వేగంగా నడిచేస్తారు కాబట్టి ఆ ఇబ్బంది వాళ్ళకే ముందు రావచ్చు.

ఇప్పుడు దారి సంగతి. చిల్లింగ్ వైపు నుంచి మొదలుపెట్టి స్క్యూ, మార్ఖా ఊరు, హంకర్ మీదుగా నిమాలింగ్ చేరి, కొంగ్మారు లా దాటి షాంగ్ సుమ్‌దో వైపు దిగుతారు. స్క్యూ లేహ్ కంటే పైన లేదు. మార్ఖా ఊరు దాకా కూడా ఒంటికి పెద్ద కష్టం ఉండదు. ఇబ్బందంతా ఆ తర్వాతే. హంకర్ దాదాపు 4,000 మీటర్లు, నిమాలింగ్ 4,700 పైన. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దని పర్వత వైద్యులు చెప్తారు. చాలా ప్యాకేజీల్లో హంకర్ నుంచి ఒక్క రోజులో నిమాలింగ్‌కి ఎక్కిస్తారు, అంటే ఒకేసారి 700 మీటర్లు. మధ్యలో తచుంగ్‌ట్సే అనే మైదానం ఉంది, దాదాపు 4,200 మీటర్లు. అక్కడ ఇళ్ళు లేవు, టెంట్‌లోనే పడుకోవాలి. అయినా సరే ఒక రాత్రి అక్కడ ఆగండి. హంకర్ నుంచి నడక తక్కువే కాబట్టి మధ్యాహ్నానికల్లా చేరిపోతారు, చేయడానికేం లేక బోర్ కొడుతుంది, కొట్టనివ్వండి. మర్నాడు నిమాలింగ్‌కి ఎక్కేది అప్పటికీ 500 కొంచెం దాటుతుంది కానీ ఒకేసారి 700 ఎక్కడం కంటే చాలా నయం. బుక్ చేసేటప్పుడే ఈ రోజు గురించి అడగండి, దానికి అయ్యే డబ్బు ఈ ట్రెక్ మొత్తంలో మీరు పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే పనికొచ్చేది.

నిమాలింగ్ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎండాకాలంలో ఊళ్ళవాళ్ళు గొర్రెల్నీ యాక్‌లనీ మేపుకునే విశాలమైన గడ్డి మైదానం అది, ఎదురుగా కాంగ్ యాట్సే మంచు శిఖరం, చూస్తూ ఉండిపోవాలనిపిస్తుంది. కానీ ఇబ్బంది వస్తే అది చాలా చెడ్డ చోటు, ఎందుకంటే అటువైపు రోడ్డు చేరాలంటే ముందు ఇంకో 500 మీటర్లు పైకి ఎక్కి కనుమ దాటాలి. రాత్రి ఎవరికైనా బాగా నలత చేసిందనుకోండి, గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఇంకొక్క ఎక్కుడు ఎక్కేస్తే అటు దిగిపోవచ్చు కదా, రోడ్డు దగ్గరే కదా అని. ఆ మాట వినకండి. జబ్బు చేసినవాళ్ళని పైకి తీసుకెళ్ళకూడదు. వచ్చిన దారినే హంకర్ వైపు దిగాలి, అది ఎంత దూరమైనా సరే, ఆ దారంతా మళ్ళీ నడవాల్సి వచ్చినా సరే.

ఎప్పుడు దిగాలి? తలనొప్పి, వికారం, నీరసం ఉంటే ఉన్నచోటే ఆగండి, తగ్గేదాకా పైకి అడుగు వేయొద్దు, పెరిగితే దిగండి. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తుంటే, దగ్గు వదలకపోతే, వెల్లకిలా పడుకోలేకపోతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. మాట తడబడుతున్నా, చెప్పింది అర్థం కాకపోయినా, మడమకి బొటనవేలు ఆనించి నేల మీద గీత వెంట పది అడుగులు సరిగ్గా వేయలేకపోయినా మెదడు వాస్తోందని అర్థం. ఈ రెండూ ప్రాణం తీసేవి. తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా, సిలిండర్ ఉంటే ఆక్సిజన్ పెట్టి, గుర్రం మీదో మనుషుల సాయంతోనో వెంటనే దింపాలి. లేహ్ దుకాణాల్లో అమ్మే చిన్న స్ప్రే డబ్బాల్లో ఆక్సిజన్ కొన్ని నిమిషాలకి కూడా రాదు, దాన్ని నమ్ముకుని పైకి వెళ్ళకండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ తీసుకెళ్ళండి కానీ చలికి వేళ్ళు బిగుసుకుపోయినప్పుడు, గోళ్ళకి రంగు ఉన్నప్పుడు అది తప్పు చూపిస్తుంది. నంబర్ బాగుంది కదా అని బాగోలేని మనిషిని నడిపించొద్దు.

ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. పెద్దవాళ్ళకి సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, బీపీకి ఇప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. వేళ్ళు తిమ్మిర్లెక్కడం, మూత్రం ఎక్కువసార్లు రావడం మామూలే. మాత్ర వేసుకున్నాం కాబట్టి ఆ అదనపు రోజు తీసేద్దాం అని మాత్రం అనుకోకండి. షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్‌ని రాత్రిపూట ఒంటికి ఆనించుకుని పడుకోవాలి, గడ్డకడితే పనిచేయదు.

గైడుతో మొహమాటం లేకుండా మాట్లాడండి. వెంట ఆక్సిజన్ సిలిండర్ ఉందా, ఒకరు దిగాల్సి వస్తే వాళ్ళతో ఎవరు వెళ్తారు, మిగతావాళ్ళతో ఎవరుంటారు, ఖాళీ గుర్రం ఒకటి ఉంటుందా? వెనక్కి తిప్పే అధికారం గైడుదేనని గ్రూపంతా మొదటి రోజే ఒప్పుకోండి, పైకెళ్ళాక అక్కడ వాదించుకోవడానికి ఎవరికీ ఓపిక ఉండదు. ఇంకో మాట, తలనొప్పి ఉందని చెప్తే అందరి ట్రిప్ పాడవుతుందేమో అని దాచుకునేవాళ్ళు మనలో ఎక్కువ. దాచుకున్నవాళ్ళనే చివరికి మోసుకుని దింపాల్సి వస్తుంది, దయచేసి చెప్పండి.

ఫోన్ల విషయం. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయినా లేహ్ దాటి లోయలోకి వెళ్తే సిగ్నల్‌ని నమ్ముకోలేం. అమెరికా నుంచి వచ్చే మనవాళ్ళు అక్కడి అలవాటు కొద్దీ గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరాలు బ్యాగులో పెట్టుకుని వస్తుంటారు, మన దేశంలో అనుమతి లేకుండా అవి దగ్గర ఉంచుకోవడమే నేరం, ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టుకుంటారు. ఇంట్లో వదిలేసి రండి. అమ్మానాన్నలకి ముందే చెప్పండి, ఇన్ని రోజులు ఫోన్ రాదు, ఫలానా తారీఖు సాయంత్రానికి చేస్తాను అని. ఆ తారీఖుని కూడా ఒక రోజు ఆలస్యంగా వేసి చెప్పండి, లేకపోతే వాళ్ళకి ఊరికే టెన్షన్.

ఏరు దాటాల్సిన చోట్లు కొన్ని ఉంటాయి. మంచు ఎండకి కరుగుతుంది కాబట్టి పొద్దున మోకాళ్ళ లోతున్న నీళ్ళు మధ్యాహ్నానికి నడుము దాకా రావచ్చు. పెందలాడే దాటండి, వట్టి కాళ్ళతో వద్దు, పట్టీలున్న చెప్పులు వేసుకోండి, బ్యాగ్ నడుము బెల్టు విప్పేసి దిగండి, పడిపోతే బ్యాగ్ వదిలించుకోవడానికి వీలుగా. ఆగస్టులో వాన పడితే కొండవాగుల పక్కన టెంట్ వేయొద్దు, 2010 ఆగస్టులో లేహ్‌ని ముంచేసిన మెరుపు వరద రాత్రికి రాత్రే వచ్చింది.

హోమ్‌స్టేల్లో ఇంటివాళ్ళు ఉన్నంతలో చాలా బాగా చూసుకుంటారు, అన్నం, పప్పు, తోటలో పండిన కూరలు, రొట్టె, స్క్యూ (ఊరి పేరు కాదు, గోధుమపిండి ముద్దలు వేసి వండే కూర) పెడతారు, శాకాహారులకి ఇబ్బంది లేదు. కారం ఉండదు, చిన్న డబ్బాలో కందిపొడో ఆవకాయో తీసుకెళ్ళండి, పైకెళ్ళేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది కాబట్టి నాలుగు ముద్దలు దిగడానికి అది నిజంగా సాయం చేస్తుంది. ట్రెక్ శ్రావణ మాసంలో పడితే శుక్రవారాలు, సోమవారాలు ఉపవాసం ఉండే అలవాటు ఉన్నవాళ్ళు ఈ ఒక్కసారికి మానుకోండి, ఖాళీ కడుపుతో ఆ ఎత్తులో నడవకూడదు. కాలవ నీళ్ళు చూడ్డానికి తేటగా ఉన్నా మరిగించో ఫిల్టర్ చేసో తాగండి. నాలుగు వేల మీటర్లలో నీళ్ళు దాదాపు 87 డిగ్రీలకే మరుగుతాయి, అందుకని మూడు నిమిషాలు తెర్లనివ్వండి.

మరుగుదొడ్డి మనకి కొత్తగా ఉంటుంది, నేలలో కన్నం, పక్కన మట్టికుప్ప, పార. అయ్యాక పారతో మట్టి వేయాలి. మగ్గులకొద్దీ నీళ్ళు లోపల పోయకండి, అదంతా వాళ్ళ బార్లీ పొలానికి వెళ్ళాల్సిన ఎరువు, తడిస్తే పాడవుతుంది. కడుక్కోవడం ఎక్కడో ఇంటావిడని అడిగితే చెప్తుంది, సిగ్గుపడాల్సిందేం లేదు. వంటగదిలో పొయ్యి వైపు, దేవుడి గది వైపు కాళ్ళు చాపి కూర్చోకండి. లోయలో ఏటీఎం ఉండదు, చిల్లర నోట్లు తీసుకెళ్ళి ఆ ఇంట్లోనే ఇచ్చేయండి. చాలా ఊళ్ళల్లో అతిథుల్ని ఇళ్ళ మధ్య వంతులవారీగా పంపుకుంటారు, ఫోటోలో చూసిన ఇల్లే కావాలని పట్టుబట్టకండి. బిస్కెట్ ప్యాకెట్లు, బ్యాటరీలు, ప్లాస్టిక్ ఏదైనా సరే మీతో లేహ్‌కి తిరిగి రావాలి, అక్కడ చెత్త తీసుకెళ్ళే బండి రాదు.

బట్టల్లో కాటన్ తగ్గించండి, చెమటకి తడిస్తే ఆరదు. నిమాలింగ్‌లో ఆగస్టు రాత్రి కూడా సున్నా కిందికి పోవచ్చు. కళ్ళజోడు మంచిది కొనండి, పైన మంచు ఉంటే ఎండ కళ్ళు పోయేంత పని చేస్తుంది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు పాలసీలో ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో చదవండి, చాలావాటికి హద్దు ఉంటుంది.

చివరగా, తిరుగు విమానం ట్రెక్ ముగిసిన మర్నాడే బుక్ చేయొద్దు. వాతావరణం బాగోక లేహ్ విమానాలు రద్దవుతుంటాయి, దానికి తోడు కొండ మీద ఎవరికైనా ఒక రోజు విశ్రాంతి కావాల్సి వస్తే టికెట్ పోతుందన్న భయంతోనే గ్రూపు వాళ్ళని తొందరపెడుతుంది. ఈ ఏడాది అన్ని రోజుల సెలవు దొరకకపోతే మార్ఖా ఊరు దాకా వెళ్ళి, రెండు రాత్రులు అక్కడే ఉండి, అదే దారిన వెనక్కి వచ్చేయండి. కనుమని వచ్చే ఏడాది దాటొచ్చు.