వెదురు వీపున్న వింటికి వెలిసిపోని రంగు వేయడం ఎలా?

వింటికి వీపు అంటే గురి వైపు ఉండే ముఖం. నారి లాగినప్పుడు వీపు సాగుతుంది, మన వైపున్న పొట్ట నొక్కుకుంటుంది. సాగినా తెగని గుణం వెదురులో ఎక్కువ. అందుకే ఇపే, హికరీ, ఓసేజ్ ఆరెంజ్ లాంటి గట్టి చెక్కల మీద వెదురు బద్ద అతికించి విల్లు చేస్తారు. చిక్కల్లా రంగు దగ్గరే. వెదురు పైతొక్కలో మైనం, సిలికా ఉంటాయి. నీటినే లోపలికి రానివ్వని తొక్క, రంగునేం తాగుతుంది?

నా మొదటి వింటికి తోలుకు వేసే ఎర్ర డై పూశాను. ఆ రోజు దానిమ్మ గింజలా మెరిసింది. కిటికీ పక్కన గోడకు తగిలించి ఉంచితే, వేసవి దాటేసరికి పాత ఇటుక రంగుకు దిగిపోయింది. పిడికి చుట్టిన తోలు విప్పి చూస్తే, దాని కింద మాత్రం మొదటి ఎరుపు అలాగే ఉంది. రంగు పట్టకపోవడం ఒక సమస్య, పట్టిన రంగు ఎండకు నిలవకపోవడం ఇంకో సమస్య అని అప్పుడు అర్థమైంది.

కొనేముందు డబ్బాలో ఉన్నది డైయా, పిగ్మెంటా అని చూడండి. డై ద్రవంలో కరిగి లోపలికి ఇంకుతుంది, కానీ స్పిరిట్‌లో కరిగే మామూలు అనిలిన్ డైలు ఎండకు త్వరగా వెలుస్తాయి. పిగ్మెంట్ కరగని పొడి, ఎర్రమట్టిలోని ఇనుప ఆక్సైడ్ లాంటిది. ఎండకు బాగా తట్టుకుంటుంది కానీ నునుపైన వెదురు మీద దానికి పట్టు దొరకదు, గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. అందుకని రెండు దారులున్నాయి: మెటల్ కాంప్లెక్స్ డై (లోహం కలిసి ఉన్న, మామూలు డై కన్నా ఎండకు బాగా నిలిచే డై) వాడడం, లేదా పిగ్మెంట్‌ను వార్నీషులోనే కొద్దిగా కలిపి పల్చటి పూతలుగా వేయడం.

నలుపు కావాలంటే మూడో దారి ఉంది, నాకు అదే ఇష్టం. కలంకారీ వాళ్లు బట్టను కరక్కాయ, పాలలో నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నల్లగీత గీస్తారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి నలుపు పుడుతుంది. వెదురులో టానిన్ తక్కువ కాబట్టి మనమే ఇవ్వాలి. చిక్కటి కరక్కాయ కషాయం పూసి ఆరనివ్వండి. తుప్పు మేకుల్ని వెనిగర్‌లో కొన్ని రోజులు ఊరబెట్టి వడకట్టి, ఆ నీళ్లు పైన పూయండి. సీసా మూత బిగించొద్దు, గ్యాస్ పుడుతుంది. బ్రష్ వెళ్లిన చోట ముందు బూడిదరంగు తేలి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఆరాక వంటసోడా కలిపిన తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పులుపు విరుగుతుంది.

ఏ రంగైనా విల్లు వంపు పూర్తిగా సరిచేశాకే వేయాలి, తర్వాత పొట్ట గీకితే రంగు పోతుంది. వీపు మీది మెరుపు తగ్గి మసకగా కనిపించేదాకా మాత్రమే 220 నంబరు ఉప్పు కాగితంతో రుద్దండి. ఇక్కడ తొందర పనికిరాదు. వెదురు బలమంతా తొక్క కింది నారల్లోనే ఉంది. ముఖ్యంగా కణుపుల దగ్గర ఎత్తును చదును చేయాలనిపిస్తుంది, చేయొద్దు. నార తెగితే లాగినప్పుడు పెచ్చు లేస్తుంది. అతుకు పక్కన కారిన జిగురును గీకేయండి, లేకపోతే అక్కడ తెల్లమచ్చలు పడతాయి. ఇపే లాంటి ముదురు రంగు చెక్కకు రంగే అక్కర్లేదు, అటు టేపు వేయండి.

బద్ద కోసినప్పుడు మిగిలిన ముక్క మీద ముందు ప్రయత్నించండి. సగానికి వంటింటి ఫాయిల్ చుట్టి మూడు వారాలు డాబా మీద ఎండలో పెట్టండి. ఫాయిల్ విప్పాక రెండు సగాలకీ తేడా కనిపిస్తే ఆ రంగు వద్దు. నచ్చితే వీపుకు పల్చగా రెండు పూతలు పూయండి, కణుపుల దగ్గర ఎక్కువ తాగి నల్లబడకుండా బ్రష్ ఆరబెట్టుకుని అద్దండి.

పైపూత దగ్గర చాలామంది తప్పు చేస్తారు. స్పిరిట్ డై మీద లక్క పాలిష్ బ్రష్ చేస్తే, అందులోని స్పిరిట్ డైని మళ్లీ కరిగించి చారలు చేస్తుంది. దాని మీద నూనె ఆధారిత వార్నీషే వేయండి. నీటిలో కరిగే డై అయితే లక్క పాలిష్ పర్వాలేదు. గట్టిపడి పెళుసెక్కే లాకర్ పూత వద్దు, సాగే వీపు మీద అడ్డంగా బీటలు వారుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే ఎక్స్‌టీరియర్ వార్నీషు మూడు నాలుగు పల్చటి పూతలు చాలు, ప్రతి పూతకీ మధ్య రోజంతా ఆరాలి. నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే మండిపోవచ్చు, నీళ్లలో తడిపి పారేయండి.

నీటితో కలిపిన రంగు వేసిన వింటికి వారం దాకా నారి ఎక్కించొద్దు. మిగిలిన రంగును చిన్న సీసాలో దాచి, పాళ్లు ఆ పరీక్ష ముక్క మీదే రాసుకోండి. బాణం రాసుకుంటూ వెళ్లే చోట అప్పుడప్పుడూ మళ్లీ పూయాల్సి వస్తుంది.